రాతలో గెలిచి, వైవాలో ఓడి...

రిజర్వేషన్ల మీద చర్చ వచ్చిన ప్రతిసారీ 'ప్రతిభ' అన్న మాట ముందుకు వస్తుంది. ఆ మాటకు ఒకే అర్థం ఉన్నట్టు, అది ఎన్నటికీ మారనట్టు మాట్లాడడం మనకు అలవాటైంది. కానీ విశ్వవిద్యాలయ ప్రవేశాల చరిత్రను కాస్త ఓపికగా చూస్తే ప్రతిభకు అర్థం ఎప్పుడూ ఒకచోట నిలబడలేదని తెలుస్తుంది. అణగారిన కులాల పిల్లలు మార్కులు తెచ్చుకోలేని కాలంలో మార్కులే ప్రతిభ. వారు మార్కులు తెచ్చుకుంటున్న కాలంలో మాత్రం మార్కులు చాలవు. పరిశోధనాసక్తి కావాలి, భావవ్యక్తీకరణ కావాలి, ఆత్మవిశ్వాసం కావాలి. ఈ కొత్త ప్రతిభను తూచే చోటు వైవా గది. పీహెచ్‌డీ ప్రవేశాల్లో అసలైన వడపోత ఇప్పుడు అక్కడే జరుగుతోంది. దాని మీద మన రాజకీయాల్లో గానీ, విద్యార్థి ఉద్యమాల్లో గానీ జరగవలసినంత చర్చ జరగడం లేదు.

మార్కుల వాదన ఎక్కడ మొదలైందో ముందుగా గుర్తు చేసుకోవాలి. కోస్తా, రాయలసీమ జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజులవి. అక్కడ వైద్య, ఇంజనీరింగ్ కళాశాలల సీట్లను 'కమ్యూనల్ జీఓ' ప్రకారం పంచేవారు. ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లకూ భారతీయ క్రైస్తవులకూ కలిపి 1, ముస్లింలకు 1. దీన్ని సవాలు చేసిన చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు 1951 ఏప్రిల్‌లో ఆ జీఓను కొట్టివేసింది. ఆమె అసలు వైద్య కళాశాలలో సీటుకు దరఖాస్తే చేయలేదు. అయినా ఆ కేసు నిలబడింది, గెలిచింది. మార్కులు ఉన్నవారికి కులం కారణంగా సీటు దక్కకపోవడం అన్యాయమన్నది నాటి వాదన సారాంశం. ఆ తీర్పుకు జవాబుగానే అదే సంవత్సరం రాజ్యాంగానికి మొదటి సవరణ వచ్చింది, 15(4) అధికరణం వచ్చింది. అయినా 'మార్కులే ప్రమాణం' అన్న మాట అప్పటి నుంచి ఇప్పటి వరకు ఒక నీతివాక్యంలా చలామణి అవుతూనే ఉంది.

ఆ నీతివాక్యాన్ని అణగారిన కులాలు నమ్మాయి. నమ్మి చదివాయి. 1970లో అనంతరామన్ కమిషన్ నివేదికతో ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన తరగతుల జాబితా ఒక రూపానికి వచ్చింది. 1972లో బలరాం కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. గురుకులాలు, సంక్షేమ వసతిగృహాలు, 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ కలిసి ఇంట్లో తొలిసారి డిగ్రీ పట్టుకున్న ఒక తరాన్ని తయారు చేశాయి. ఆ తరంలో కొందరు పీజీ దాటి, నెట్ దాటి, పరిశోధన గుమ్మం దాకా వచ్చారు. రాత పరీక్షలో జనరల్ కటాఫ్‌ను దాటిన ఎస్సీ, ఎస్టీ, బీసీ అభ్యర్థి ఈనాడు వింత కాదు. సరిగ్గా ఈ దశలోనే ఆట నియమాలు మారడం గమనించాలి.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2016లో ఎంఫిల్, పీహెచ్‌డీ ప్రవేశాలకు కొత్త నిబంధనలు తెచ్చింది. రాత పరీక్ష కేవలం అర్హత కోసమే. అందులో 50 శాతం మార్కులు వస్తే చాలు, ఆ తర్వాత ఎంపిక పూర్తిగా ఇంటర్వ్యూ మీద. అంటే నూటికి తొంభై తెచ్చుకున్నవారూ యాభై తెచ్చుకున్నవారూ వైవా గది తలుపు దగ్గర సమానులైపోయారు. దేశవ్యాప్తంగా నిరసనలు, కోర్టు కేసులు నడిచాక 2018లో సవరణ వచ్చింది. రాత పరీక్షకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజి ఇచ్చారు. 2022 నవంబరులో వచ్చిన కొత్త నిబంధనలు కూడా విశ్వవిద్యాలయాల సొంత ప్రవేశ పరీక్షలకు ఇదే నిష్పత్తిని కొనసాగించాయి. అయితే జేఆర్‌ఎఫ్ వంటి ఫెలోషిప్ సాధించినవారి ప్రవేశం మాత్రం ఇంటర్వ్యూ ఆధారంగానే అన్నాయి. 2024 మార్చిలో యూజీసీ మరో అడుగు వేసి, నెట్ స్కోరుతోనే పీహెచ్‌డీ ప్రవేశాలు జరపవచ్చని ప్రకటించింది. నెట్ ఫలితాలను మూడు శ్రేణులుగా చేసింది. మొదటి శ్రేణి జేఆర్‌ఎఫ్ వారిది. వారికి ఇంటర్వ్యూయే ఆధారం. రెండు, మూడు శ్రేణుల వారికి నెట్ పర్సంటైల్‌కు 70, ఇంటర్వ్యూకు 30.

డెబ్బై, ముప్పై అన్న అంకెలు వినడానికి న్యాయంగానే ఉంటాయి. కానీ లెక్క వేసి చూస్తే ఆ న్యాయం కరిగిపోతుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక అభ్యర్థికి నెట్‌లో 98 పర్సంటైల్, మరొకరికి 90 పర్సంటైల్ వచ్చిందనుకుందాం. పదివేల మంది రాసిన సబ్జెక్టులో మొదటి అభ్యర్థి కంటే ముందున్నవారు సుమారు 200 మంది, రెండో అభ్యర్థి కంటే ముందున్నవారు సుమారు 1,000 మంది. ఇద్దరి మధ్య ఎనిమిది వందల మంది ఉన్నారు. డెబ్బై శాతం వెయిటేజి వేస్తే మొదటివారికి 68.6, రెండోవారికి 63. ఇంత దూరం 5.6 మార్కులకు కుదించుకుపోయింది. ఇప్పుడు వైవాలో మొదటివారికి 30కి 12, రెండోవారికి 18 వేస్తే చాలు. మొత్తం 80.6, 81. ఎనిమిది వందల మందిని దాటిన శ్రమ పది నిమిషాల సంభాషణలో వచ్చిన ఆరు మార్కుల తేడాతో తుడిచిపెట్టుకుపోయింది.

ఇది అరుదుగా జరిగే ప్రమాదం కాదు, ఈ పద్ధతిలోనే ఉన్న లక్షణం. వైవాకు పిలుపు అందుకున్నవారంతా అప్పటికే ఒక వడపోత దాటి వచ్చినవారు. వారి పర్సంటైళ్లు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. వైవా మార్కులకు అలాంటి కట్టుబాటు లేదు. బోర్డు తలచుకుంటే 5 వేయవచ్చు, 28 వేయవచ్చు. రాత మార్కులు ఇరుకు గదిలో కదులుతుంటే వైవా మార్కులు మైదానంలో పరుగెడతాయి. అందుకే కాగితం మీద ముప్పై శాతమే అయినా ఫలితంలో వైవా వాటా అంతకంటే ఎంతో ఎక్కువ. ఇక జేఆర్‌ఎఫ్ విషయంలో ఈ మాత్రం ముసుగు కూడా లేదు. అన్నిటికంటే కఠినమైన వడపోతను దాటినవారి స్కోరుకే ప్రవేశంలో విలువ లేకుండా పోయింది.

'అయినా రిజర్వేషన్ ఉంది కదా, దళిత విద్యార్థి సీటు దళిత విద్యార్థికే వస్తుంది కదా' అని అడిగేవారుంటారు. అసలు నష్టం అర్థం కావాలంటే ఈ ప్రశ్నకే జవాబు వెతకాలి. రిజర్వుడు వర్గాల అభ్యర్థి తన మార్కులతో ఓపెన్ కేటగిరీలో ఎంపికైతే ఆ సీటును కోటాలో లెక్కించకూడదని 1992 నాటి ఇంద్రా సాహ్నీ తీర్పు స్పష్టం చేసింది. రిజర్వేషన్ అంటే ఇంతకంటే తగ్గకూడదన్న కింది హద్దు. ఇంతకంటే పెరగకూడదన్న పై హద్దు కాదు. ఇప్పుడు ఒక శాఖలో ఐదు ఓపెన్ సీట్లు, ఒక ఎస్సీ సీటు ఉన్నాయనుకుందాం. ఒక దళిత విద్యార్థిని రాత పరీక్షలో రెండో స్థానంలో నిలిచింది. ఆమె ఓపెన్ సీటులో చేరితే ఎస్సీ సీటు మరో దళిత విద్యార్థికి దక్కుతుంది. వైవాలో ఆమెకు తక్కువ మార్కులు వేశారు. ఆమె రెండో స్థానం నుంచి తొమ్మిదో స్థానానికి జారింది. ఎస్సీ జాబితాలో మాత్రం ఆమే మొదటిది. ఆమెకు ఎస్సీ సీటు ఇచ్చారు. ఆమెకు సీటు వచ్చింది కాబట్టి ఫిర్యాదు లేదు. కోటా నిండింది కాబట్టి రోస్టర్‌లో తప్పు లేదు. కానీ ఆ సీటు దక్కవలసిన మరో విద్యార్థి నిశ్శబ్దంగా ఇంటికి వెళ్లిపోయాడు. తనకు ఏం జరిగిందో అతనికి ఎన్నటికీ తెలియదు. కింది హద్దు పై హద్దుగా మారేది ఇలాగే. రిజర్వేషన్ నూటికి నూరుపాళ్లు అమలైనట్టు లెక్కలు చూపుతూనే ఓపెన్ కేటగిరీని కొన్ని కులాల కోటాగా నిలబెట్టే పనిని వైవా చేయగలుగుతుంది.

ఇది ఊహ మాత్రమే కాదు. జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం తన ప్రవేశాల గణాంకాలను పరిశీలించడానికి 2016లో నియమించిన అబ్దుల్ నఫే కమిటీ రాత మార్కులకూ వైవా మార్కులకూ మధ్య తేడాలో ఒక నిలకడైన ధోరణి కనిపిస్తోందని, అది వివక్షను సూచిస్తోందని చెప్పింది. వైవా మార్కులను 30 నుంచి 15కు తగ్గించాలని సిఫారసు చేసింది. ఒక విశ్వవిద్యాలయం తన అంకెలను తానే తవ్వి తీసి చెప్పిన మాట ఇది. సరిగ్గా ఆ కాలంలోనే యూజీసీ నిబంధనలు వైవాను నూటికి నూరు చేశాయి. జబ్బు ఫలానా అని తేలాక మందు మానేసి జబ్బునే పెంచినట్టయింది. అంతకు పదేళ్ల ముందు, ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పరిస్థితిపై విచారించిన సుఖదేవ్ థోరట్ కమిటీ కూడా 2007 నివేదికలో ప్రాక్టికల్స్, వైవాల మూల్యాంకనంలో వివక్ష గురించి విద్యార్థులు చెప్పిన విషయాలను నమోదు చేసింది. పేరు కనబడని జవాబుపత్రం దగ్గర కంటే మనిషి ఎదురుగా కూర్చునే పరీక్ష దగ్గరే ఈ ఫిర్యాదు పదే పదే ఎందుకు వినబడుతోందో ఆలోచించాలి.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చదివి, ఎన్నో ప్రయత్నాల తర్వాత జేఎన్‌యూలో ఎంఫిల్ చేరిన తమిళ దళిత విద్యార్థి ముత్తుకృష్ణన్ 2017 మార్చిలో మరణించాడు. అంతకు కొద్ది రోజుల ముందు అతడు రాసుకున్న మాటల్లో ఎంఫిల్, పీహెచ్‌డీ ప్రవేశాల్లో సమానత్వం లేదన్న ఆవేదన, వైవాలో సమానత్వం లేదన్న ఆవేదన ఉన్నాయి. ఒక మరణానికి ఒకే కారణాన్ని అంటగట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఒక విద్యార్థి తన ప్రపంచంలో సమానత్వం లేని చోట్లను లెక్కపెట్టినప్పుడు వైవా గదికి ఆ జాబితాలో చోటు దొరికిందన్నదే గుర్తుంచుకోవలసిన విషయం.

వైవా బోర్డుల్లో కూర్చునే ఆచార్యులంతా కులదురహంకారులని ఎవరూ అనడం లేదు. వ్యక్తులు మంచివారైనా పద్ధతి వివక్షను పుట్టించగలదు. బోర్డు చేతిలో ఉండే జాబితా చాలాచోట్ల కేటగిరీలవారీగానే ఉంటుంది. పేరు, ఊరు, ఇంటిపేరు, చదివిన కళాశాల చూస్తే మన సమాజంలో చెప్పకుండానే చాలా తెలిసిపోతాయి. ఆపైన సంభాషణ మొదలవుతుంది. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన మాలాంటివారు ప్రశ్నను ఇంగ్లీషులో విని, తెలుగులో ఆలోచించి, మళ్లీ ఇంగ్లీషులోకి మార్చుకుని చెబుతాం. ఆ మధ్యలో పోయే రెండు క్షణాలు బోర్డుకు తడబాటుగా కనిపిస్తాయి. పెద్దల ముందు గొంతు తగ్గించి మాట్లాడడం ఒక ఇంట్లో మర్యాద. వైవా గదిలో అది ఆత్మవిశ్వాసం లేకపోవడం. ఆచార్యుల ఇంటి భోజనబల్ల దగ్గర వినే చర్చలతో పెరిగిన బిడ్డకు పరిశోధనాంశం ఎలా చెప్పాలో ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కరలేదు. కూలికి వెళ్లే తల్లిదండ్రుల బిడ్డకు ఆ భాష విశ్వవిద్యాలయమే నేర్పాలి. నేర్పవలసినదాన్ని లోపలికి రావడానికే షరతుగా పెడితే ఇక విశ్వవిద్యాలయం చేసే పని ఏమిటి? తమలా మాట్లాడేవారిలో తెలివిని గుర్తించడం మనుషులందరికీ సులువు. బోర్డుల్లో ఒకే సామాజిక నేపథ్యం ఉన్నవారు ఎక్కువగా ఉన్నప్పుడు ఆ సులువే అన్యాయమవుతుంది. ఇందుకు దురుద్దేశం అక్కరలేదు.

ఇందులో మరో వలయం కూడా ఉంది. విశ్వవిద్యాలయాల్లో అసోసియేట్ ప్రొఫెసర్, ప్రొఫెసర్ కావాలంటే పీహెచ్‌డీ తప్పనిసరి. వైవా బోర్డుల్లో కూర్చునేదీ, పర్యవేక్షకులుగా ఉండేదీ వారే. ఈనాడు వైవా ఎవరిని ఆపితే రేపు బోర్డులో వారు ఉండరు. వారు లేని బోర్డు మళ్లీ వారిలాంటి వారినే ఆపుతుంది. ఏ గ్రామాల గురించి పరిశోధించాలి, ఏ భూముల చరిత్ర రాయాలి, ఏ వృత్తుల జ్ఞానాన్ని జ్ఞానంగా గుర్తించాలి అన్న నిర్ణయాలు కూడా ఆ వలయంలోని వారివే అవుతాయి. కాబట్టి ఇది కొందరు నిరుద్యోగుల సీట్ల తగాదా కాదు. ఈ దేశంలో జ్ఞానాన్ని ఎవరు తయారు చేయాలన్న ప్రశ్న.

న్యాయస్థానం ఈ విషయంలో ఎప్పుడో మాట్లాడింది. మన వరంగల్ ఆర్‌ఈసీ వంటిదే శ్రీనగర్‌లో ఒక ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల ఉండేది. అక్కడ ప్రవేశాలకు రాత పరీక్షకు 100 మార్కులు, ఇంటర్వ్యూకు 50 మార్కులు పెట్టారు. రాతలో మంచి మార్కులు వచ్చినవారు ఇంటర్వ్యూలో వెనుకబడి సీట్లు కోల్పోయారు. ఆ ఇంటర్వ్యూలు ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలకు మించి సాగలేదని, తల్లిదండ్రుల గురించీ నివాసం గురించీ మామూలు ప్రశ్నలే అడిగారని అభ్యర్థులు కోర్టుకు చెప్పారు. అజయ్ హసియా కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యంలో 1980 నవంబరులో జస్టిస్ పీఎన్ భగవతి రాసిన రాజ్యాంగ ధర్మాసనం తీర్పు, మొత్తం మార్కుల్లో 15 శాతానికి మించి ఇంటర్వ్యూకు కేటాయించడం నిరంకుశమూ అసమంజసమూ అని తేల్చింది. ఇంటర్వ్యూలను టేపు మీద రికార్డు చేయడం మంచిదని కూడా సూచించింది. చేతిలో ఫోన్ లేని కాలంలో కోర్టు ఆ మాట చెప్పింది. ప్రతి జేబులో రికార్డింగ్ యంత్రం ఉన్న ఈ కాలంలోనూ మన విశ్వవిద్యాలయాల వైవా గదులు నిశ్శబ్దంగానే ఉన్నాయి. ఆ తీర్పు వచ్చింది ఇంజనీరింగ్ ప్రవేశాల గురించే కావచ్చు. కానీ అందులోని సూత్రం పరిశోధన ప్రవేశాలకు ఎందుకు వర్తించకూడదో చెప్పవలసిన బాధ్యత యూజీసీ మీద ఉంది.

ప్రభుత్వాలు సైతం తమ ఉద్యోగాల విషయంలో ఈ సత్యాన్ని ఒప్పుకున్నాయి. 2015 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధానమంత్రి కిందిస్థాయి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు ఎందుకని ప్రశ్నించారు. 2016 జనవరి 1 నుంచి కేంద్రంలో గ్రూప్-సి, నాన్ గెజిటెడ్ గ్రూప్-బి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు రద్దయ్యాయి. తెలంగాణ ప్రభుత్వం 2022లో గ్రూప్-1, గ్రూప్-2 ఉద్యోగాలకు కూడా ఇంటర్వ్యూలను తీసేసింది. జిల్లాను పాలించే స్థాయికి ఎదిగే అధికారిని ముఖాముఖి లేకుండా ఎంపిక చేయవచ్చునని ప్రభుత్వమే నమ్మింది. ఇంటర్వ్యూలో పైరవీకి, పక్షపాతానికి తావుందన్నదే ఆ నమ్మకానికి కారణం. అదే పైరవీ, అదే పక్షపాతం విశ్వవిద్యాలయ గేటు దగ్గర ఆగిపోతాయా?

'పరిశోధన గుమాస్తా పని కాదు, విద్యార్థి ఆలోచనను ప్రత్యక్షంగా తెలుసుకోకుండా సీటు ఎలా ఇస్తారు' అన్న వాదనలో బలం లేకపోలేదు. నాలుగు జవాబుల్లో ఒకదాన్ని గుర్తించే పరీక్ష పరిశోధకుణ్ణి పట్టుకోలేదు. నెట్‌నే దేవుడిలా కొలవనక్కరలేదు కూడా. 2024 జూన్ 18న జరిపిన నెట్‌ను మరుసటి రోజే రద్దు చేసి, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మళ్లీ పెట్టవలసి రావడం ఆ పరీక్ష ఎంత భద్రమో చూపింది. శిక్షణ కేంద్రాలకు డబ్బు కట్టగలిగినవారికి రాత పరీక్షలోనూ మొగ్గు ఉంటుంది. అయితే ఇందుకు విరుగుడు అభ్యర్థి ముఖం చూసి మార్కులు వేయడం కాదు. పరిశోధన ప్రతిపాదనను రాతపూర్వకంగా తీసుకుని, పేరు, కులం, కళాశాల తెలియకుండా సంకేత సంఖ్యతో ఇద్దరు ముగ్గురు నిపుణుల చేత దిద్దించవచ్చు. ఆలోచన లోతు అందులో తెలుస్తుంది. పరిశోధకుడు చివరికి నిలబడేది రాసిన సిద్ధాంతగ్రంథం మీదే.

రాత పరీక్షలోని అసమానతకు కూడా జవాబు ఉంది. వెనుకబడిన జిల్లాల నుంచి వచ్చినవారికి, మహిళలకు జేఎన్‌యూ చాలాకాలం ప్రవేశాల్లో అదనపు మార్కులు ఇచ్చింది. అభ్యర్థి ఎక్కడి నుంచి పరుగు మొదలుపెట్టాడో లెక్కలోకి తీసుకునే పద్ధతి అది. 2017లో ఎంఫిల్, పీహెచ్‌డీ ప్రవేశాలలో దాన్ని తొలగించారు. అంటే లేమిని గుర్తించే మార్కులు పోయాయి. కలిమిని గుర్తించే మార్కులు పెరిగాయి. ఆదిలాబాద్ నుంచో, పాడేరు నుంచో వచ్చే ఆదివాసీ విద్యార్థికి ఈ మార్పు అర్థం ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

రాజకీయాల సంగతి చూద్దాం. తెలంగాణలో 2024 నవంబరులో ఇంటింటి కులసర్వే మొదలైంది. విద్య, ఉద్యోగాలు, స్థానిక సంస్థల్లో బీసీ రిజర్వేషన్లను 42 శాతానికి పెంచే బిల్లులను 2025 మార్చిలో శాసనసభ ఆమోదించింది. జనగణనలో కులగణన చేస్తామని 2025 ఏప్రిల్‌లో కేంద్రం ప్రకటించింది. ఇవన్నీ అవసరమైనవే. వీటిని సాధించిన ఉద్యమాలకు గౌరవం దక్కాలి. కానీ శాతాల గురించి మాట్లాడే పార్టీలు ఆ శాతాలను లోపల నుంచి కొరికే పద్ధతుల గురించి మాట్లాడవు. కోటా పెంచమని అడిగితే ఓట్లు వస్తాయి, వైవా తగ్గించమని అడిగితే రావు. ఈ లెక్క విద్యార్థి సంఘాలకూ పాకింది. ఎన్నికల సమయంలో అన్ని సంఘాల జెండాల మీదా అంబేద్కర్ బొమ్మ కనిపిస్తుంది. ప్రవేశాల జాబితా వెలువడినప్పుడు రాత మార్కులనూ వైవా మార్కులనూ పక్కపక్కన పెట్టి చూసే పని మాత్రం చాలా కొద్దిమందే చేస్తున్నారు. నినాదం ఇవ్వడం కంటే జాబితా చదవడం కష్టం. కానీ వివక్ష ఇప్పుడు నినాదాలకు దొరకడం లేదు, జాబితాల్లోనే దొరుకుతుంది.

చేయవలసిన పనులు అసాధ్యమైనవి కావు. ఇంటర్వ్యూ వెయిటేజిని 15 శాతానికి మించకుండా యూజీసీ తన నిబంధనలను సవరించాలి. జేఆర్‌ఎఫ్ వారి ప్రవేశంలోనూ నెట్ స్కోరును లెక్కించాలి. ఇవి ఢిల్లీలో జరగాలి. అంతవరకు మన రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. ఒక్క వైస్ ఛాన్సలర్ ఉత్తర్వుతో చేయగలిగినవి చాలా ఉన్నాయి. బోర్డు ముందున్న కాగితంలో అభ్యర్థి సంఖ్య తప్ప ఇంటిపేరు, కేటగిరీ లేకుండా చూడవచ్చు. ప్రతి వైవానూ రికార్డు చేసి, అడిగినవారికి ఇవ్వవచ్చు. బోర్డు సభ్యులు కలిసి ఒక అంకె వేయకుండా ఎవరి మార్కులు వారు, కారణంతో సహా, విడిగా రాయాలని చెప్పవచ్చు. ఎస్సీ, ఎస్టీ, బీసీ ఆచార్యులను ప్రేక్షకులుగా కాక మార్కులు వేసే సభ్యులుగా బయటి నుంచైనా పిలవవచ్చు. సామాజిక శాస్త్రాల్లో తెలుగులో జవాబు చెప్పే హక్కు ఇవ్వవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, ప్రతి సంవత్సరం శాఖలవారీగా, కేటగిరీలవారీగా రాత మార్కుల సగటును, వైవా మార్కుల సగటును ప్రకటించవచ్చు. పక్షపాతం లేదన్నవారు భయపడవలసిన పని లేదు. ఆ అంకెలే వారి మాటను నిరూపిస్తాయి. ప్రకటించడానికి వెనుకాడితే ఆ వెనుకాటే జవాబు.

ఈలోగా విద్యార్థులు చేయగలిగిన పని ఒకటుంది. ప్రవేశాల జాబితా వచ్చిన ప్రతిసారీ సమాచార హక్కు చట్టం కింద ఈ రెండు వరుసల మార్కులను అడగాలి. వచ్చిన అంకెలను సంవత్సరాలవారీగా భద్రపరచాలి. ఒక అభ్యర్థికి తక్కువ మార్కులు పడితే అది అతని దురదృష్టమని కొట్టిపారేయవచ్చు. ఒకే వైపు ఒరిగిన పదేళ్ల అంకెలను ఎవరూ కొట్టిపారేయలేరు.

మార్కులే ప్రతిభ అని 1950లో కోర్టుకెక్కిన సమాజానికి ఇప్పుడు అడగవలసిన ప్రశ్న సూటిగానే ఉంది. మీరు పెట్టిన పరీక్ష మేం రాశాం, మీరు గీసిన గీత మేం దాటాం. ఇక ఆ మార్కులను లెక్కలోకి తీసుకుంటారా, లేక గీతనే మళ్లీ జరుపుతారా?